అన్న కూత, నా నడక

నా చిన్నప్పుడు మా సందులో కబడ్డీ మొదలవ్వాలంటే ముందు మా అన్న ఏ జట్టులో ఆడతాడో తేలాలి. దానికోసం రోజూ కొట్లాటే. మోండా మార్కెట్ వెనక సందు మాది. పొద్దుటి కూరగాయల బండ్లు వెళ్ళిపోయాక, సాయంత్రం బండ్లు రాకముందు దొరికే కాస్త జాగాలోనే పిల్లల ఆటంతా. మా అన్న బక్కపలచని పిల్లాడు, గట్టిగా తోస్తే పడిపోయేవాడు. కానీ కూత పెట్టుకుంటూ గీత దాటాడంటే అవతలివాళ్ళ గుండెల్లో రాయి పడేది. ఎంతసేపు తిప్పినా వాడి దమ్ము తెగేది కాదు. నాకంటే పెద్దవాడు, ఎదురుగా ఎప్పుడూ అన్నా అనే పిలిచాను. ముసలిదాన్నయ్యాను కనక ఇప్పుడు వాడు, వీడు అంటున్నాను, ఏమనుకోకండి.

అసలు సంగతి ఏమిటంటే వాడి దమ్ము అంత గొప్పదేం కాదు. వాడు ఊపిరి దొంగిలించేవాడు. 'కబడ్డీ కబడ్డీ' అంటూనే నడుమ ఎక్కడో ముక్కుతో రవ్వంత గాలి లోపలికి లాగేవాడు. కూత ఆగినట్టే ఉండేది కాదు. లాగినప్పుడు మాత్రం గడ్డం కాస్త పైకి లేచేది, గొంతులో చిన్న నొక్కు వినబడేది. ఆడపిల్లనని నన్ను ఆటకు రానిచ్చేవాళ్ళు కాదు కదా, గోడ మీద కూర్చుని రోజూ చూసే నాకు అది బాగా తెలుసు. ఒకసారి ఆ గుట్టు అందరి ముందూ బయటపెట్టాను. ఎవరూ నమ్మలేదు సరికదా, ఆ రోజు నుంచి నా పేరు చాడీలకోరు అయిపోయింది. చాడీలకోరునని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కళ్ళెదుట కనబడింది చెప్పకపోతే నాకు అన్నం సయించదు, అంతే.

ఆ ఏడు వానాకాలంలో మా సందులో ఇంటింటికీ జ్వరమే. నాకూ అన్నకూ ఒకే రోజు వచ్చింది. ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే గిన్నెలో గంజి తాగాం. ముక్కు కారడం, గొంతు నొప్పి, ఒళ్ళు కాలడం అన్నీ ఇద్దరికీ సమానమే. కొద్ది రోజులకు ఇద్దరికీ తగ్గింది కూడా. అమ్మ తలంటు పోసి ఇద్దరినీ బడికి తోలింది. జ్వరం పోయింది, పీడా పోయింది అనుకున్నాం.

తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తున్నాం. చూస్తే అన్న చెప్పు ఒకటి వెనక రోడ్డు మీద పడి ఉంది. వాడు ఆ సంగతే తెలియనట్టు తడి రోడ్డు మీద ఒంటి చెప్పుతో పోతున్నాడు. పిలిచి చూపిస్తే కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడు. మర్నాడు ఆటలో ఎవరూ తాకకుండానే పడ్డాడు. ఆ మర్నాడు అన్నం తిని పీట మీంచి లేవబోయి లేవలేకపోయాడు. బడిలో పరీక్షలు ఆ వారమే. మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా, ముక్కు మీద కోపం. "పరీక్షలనంగనే నాటకాలు షురూ జేసినవా? లే!" అని రెక్క పట్టి లేపితే వాడు బట్టల మూటలా కూలబడ్డాడు. అమ్మ కెవ్వుమంది.

అప్పుడే మా మేనత్త డ్యూటీ నుంచి వచ్చింది. ఆమె నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. ఊళ్ళోనే ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. మా ఇంట్లో నాన్నను 'ఒరేయ్' అనగలిగిన మనిషి ఆమె ఒక్కతే. తెల్లచీర కూడా మార్చుకోకుండా అన్నను ఎత్తి బల్ల అంచున కూర్చోబెట్టింది. పక్కన నన్నూ కూర్చోబెట్టింది. అరచేతి అంచుతో నా మోకాలి చిప్ప కింద తట్టింది. నా కాలు దానంతటదే ఎగిరింది. నాకు నవ్వొచ్చింది. అన్న మోకాలి కింద తట్టింది. కదల్లేదు. రెండో కాలు తట్టింది. అదీ కదల్లేదు. అన్న ఇకిలిస్తూ, "నాది గట్టి కాలు అత్తమ్మా" అన్నాడు. అత్తయ్య నవ్వలేదు. "ఒరేయ్, నాటకం గాదురా ఇది. జల్ది పోయి రిక్షా తీస్కరా" అంది నాన్నతో. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్య పనిచేసే ఆసుపత్రిలో డాక్టరు వాణ్ణి పక్కకు తిప్పి వెన్నులోంచి నీరు తీశాడు. తర్వాత అమ్మనూ నాన్ననూ వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆయన ఇంగ్లీషు మాటలు అమ్మకు తలకెక్కలేదు. అత్తయ్యే విడమరిచింది. "జ్వరం పురుగు మీదికి లేసిన సిపాయిలు మన ఒంట్లనే ఉంటరు మరదలా. పురుగు పోయింది గాని ఆళ్ళు ఆగుతలేరు. ఇప్పుడు నరాల్నే పగోళ్ళనుకొని కొడుతున్నరు. గింతమందికి జ్వరాలొస్తే యాడనో ఒక్కరికి గిట్లయితది." అదే జ్వరం నాకూ వచ్చింది, నా సిపాయిలు బుద్ధిగా ఇంటికి పోయారు. వాడివే ఎందుకు పోలేదని అమ్మ అడిగింది. అది ఇంకా ఎవరికీ తెలియదమ్మా అని డాక్టరు వార్డులోకి వెళ్ళాడు.

ఆ నిస్సత్తువ పాదాల నుంచి పైకి ఎక్కుతుందట. ఎక్కడో ఒకచోట ఆగి, నెలలు పట్టినా మళ్ళీ దిగివస్తుందట. ఛాతీ దాకా ఎక్కకుండా ఆగితే పిల్లవాడికి గండం లేదు. ఎక్కితే ఊపిరి ఆడదు. ఊపిరాడించే యంత్రం ఆ ఆసుపత్రిలో లేదు. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో ఉన్నా, ఊపిరి బాగానే ఆడుతున్న పిల్లవాడికి ముందుగా అక్కడ మంచం ఇవ్వరు. ఆడటం మానేశాక బయల్దేరితే దారిలోనే పోతాడు. ఆ రెండింటి మధ్య సరైన వేళ పట్టుకోవాలి. వరండాలో స్తంభానికి ఆనుకుని నేను ఇదంతా విన్నాను. పిల్లలకు అర్థం కాదని పెద్దవాళ్ళు ఎలా అనుకుంటారో నాకు తెలియదు.

ఆ వేళ పట్టుకోవడానికి డాక్టరు ఒక పద్ధతి చెప్పాడు. నిండా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా అంకెలు పైకి లెక్కపెట్టాలి. ఎంత దూరం వెళ్ళగలిగితే ఛాతీలో అంత బలం ఉన్నట్టు. రోజంతా గంటగంటకూ అడుగుతూ ఉండాలి. మా అన్నకు అసలే భయం, ఆపైన చిరాకు. రెండుసార్లు లెక్కపెట్టి మూడోసారి గోడవైపు తల తిప్పేసుకున్నాడు. నాన్న బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. లాభం లేకపోయింది.

అప్పుడు అత్తయ్య ఒక ఉపాయం పన్నింది. నడుం మీద చేతులు పెట్టుకుని మంచం దగ్గర నిలబడి, "ఏందిరో పహిల్వాన్, కూత మర్శిపోయినవా? నీ కాళ్ళు పండుకున్నయి గదా, జెర నీ చెల్లె కాళ్ళు అడుక్కో. నువ్వు కూతవెట్టు, అది నడుస్తది. నీ కూత తెగిన కాడ అది ఆగుతది. ఎంత దూరం పోతవో జూస్త" అంది. వాడి తల ఇటు తిరిగింది. అంతే, ఆట మొదలైంది.

ఆ వార్డు పొడుగాటి హాలు. రెండు వరసల మంచాలు, మధ్యలో దారి. ఒక చివర అన్న మంచం. దారిలో ఒక కిటికీ, తర్వాత చేతులు కడుక్కునే కుళాయి, ఆ చివర తలుపు. నేను పరుగెత్తకూడదు. పెళ్ళికూతురిలా ఒకే తీరుగా నడవాలని అత్తయ్య ముందే నేర్పింది. ఆమె కుళాయి దగ్గర నిలబడి నా నడక చూస్తూ, వాడి కూత వింటూ ఉండేది. మొదటిరోజు వాడు నన్ను కుళాయి దాటించి తలుపు దాకా తీసుకెళ్ళాడు. మంచాల మీద ముసలాళ్ళు లేచి కూర్చుని శభాష్ అన్నారు. వాడి కళ్ళు మెరిశాయి. బడి ఎగ్గొట్టి నేను ఆసుపత్రిలోనే ఉండిపోయాను, ఎవరూ వద్దనలేదు.

నిస్సత్తువ మాత్రం ఎక్కుతూనే ఉంది. మోకాళ్ళు అయ్యాయి, తొడలు అయ్యాయి. తర్వాత చేతుల్లోంచి గ్లాసు జారిపోయింది. అమ్మ చెంచాతో పట్టాల్సి వచ్చింది. అయినా నేను ప్రతిసారీ తలుపు దాకా వెళ్తూనే ఉన్నాను. "దమ్ము తగ్గలే. ప్రభువున్నడు" అని అత్తయ్య వెళ్ళి డాక్టరుకు చెప్పేది. నాన్న కళ్ళు తుడుచుకునేవాడు. అమ్మ అక్కడే మంచం పక్కన మోకరించేది. ఇంటిల్లిపాదీ ఆ తలుపును పట్టుకునే బతికాం.

ఒక మధ్యాహ్నం నడుస్తూ నడుస్తూ దారికడ్డంగా పెట్టిన బక్కెట్టు కాలికి తగిలి తూలాను. తూలినప్పుడు వెనక్కి చూశాను. అన్న గడ్డం పైకి లేచింది. కూత ఆగలేదు. మళ్ళీ ముందుకు తిరిగి నడిచాను కానీ ఈసారి చెవులు వెనకే ఉన్నాయి. ఆ నొక్కు వినబడుతోంది. ఒకటి కాదు, అడుగడుక్కీ.

అత్తయ్య వెళ్ళాక మంచం దగ్గరకెళ్ళి, "అన్నా, దొంగకూత పెడుతున్నవ్" అన్నాను. వాడు కాదనలేదు. "పెద్ద దవాఖానల గొంతు కోస్తరంట. కోసి పైపు వెడ్తరంట. పక్క మంచమాయన చెప్పిండు. గొంతు కోసినంక మల్ల మాట్లాడ్తనా నేను? ఓడిపోతెనే గదా తీస్కపోయేది. నేను ఓడిపోను" అన్నాడు. ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పాడు. ఆపైన, "అమ్మ తోడు, ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్. నా చెయ్యి లేవది, నువ్వే వెట్టు" అన్నాడు. వాడి చెయ్యి దుప్పటి మీద పడి ఉంది. నేను అరచేతిలో అరచెయ్యి పెట్టి, చెప్పనని ఒట్టేశాను. వాడి వేళ్ళు నా వేళ్ళను పట్టుకోలేదు.

అమ్మ తోడంటే ఇప్పటి పిల్లలకు వేళాకోళం. మాకు కాదు. ఆ ఒట్టు తప్పితే అమ్మ చచ్చిపోతుంది, అంతే. అందులో అనుమానమే లేదు. ఒట్టు పెట్టుకోవద్దని ఆదివారం బడిలో చెప్పేవాళ్ళు కానీ, పెట్టుకున్నాక ఏం చేయాలో చెప్పలేదు. ఆ సాయంత్రం అమ్మ నాకు జడ వేస్తుంటే వీపు మీద ఆమె మోచెయ్యి తగులుతూనే ఉంది. చెబితే అమ్మ పోతుంది. చెప్పకపోతే అన్న పోతాడు. నేను అన్నం కంచం పక్కకు జరిపేశాను. దీనికి కూడా జ్వరం తిరగబెట్టిందేమోనని అమ్మ నా నుదురు పట్టుకు చూసింది.

తెల్లవారి వాడికి పాలు పడితే సగం ముక్కులోంచి వచ్చాయి. దగ్గాడు. దగ్గా అది? పిల్లికూన తుమ్మినట్టుంది. అమ్మ భయపడి అత్తయ్యను పిలిచింది. అత్తయ్య వచ్చింది, వాడి ముఖం చూసింది, "పా పహిల్వాన్, ఓపాలి కూతవెట్టు" అంది. ఎప్పటిలా కుళాయి దగ్గరకెళ్ళి నిలబడింది. నాన్న తలుపు దగ్గరే ఉన్నాడు. నేను తలుపు దాకా వస్తానని ఆయన ముఖంలో అప్పుడే సగం నవ్వు ఉంది.

కూత మొదలైంది. సన్నగా, తేనెటీగ రొదలా ఉంది. నేను నడిచాను. రెండో మంచం దాటానో లేదో వెనక నొక్కు వినబడింది. నా కాళ్ళు ఆగిపోయాయి. నేనేదో గొప్పగా ఆలోచించి చేశానని చెప్పను. నోరు తెరవనని ఒట్టేశాను, నోరు తెరవలేదు. కూత తెగిన చోట ఆగమని అత్తయ్య చెప్పింది, ఆగాను.

వెనక కూత వినబడుతూనే ఉంది. నేను కదల్లేదు. "నడ్వవేందే?" అని అత్తయ్య అరిచింది. కదల్లేదు. నాన్న కూడా కసిరాడు. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కాళ్ళు మాత్రం నేలకు మేకు కొట్టినట్టు ఉండిపోయాయి. ముసలాళ్ళు నన్నూ అన్ననూ మార్చి మార్చి చూస్తున్నారు. అత్తయ్య నా ముఖంలోకి చూసింది. తర్వాత నా మీంచి అన్నవైపు చూసింది. ఆమె పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. వాడి ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, ముక్కు దగ్గర చెవి పెట్టి, "మల్ల అను బిడ్డా" అంది. వాడు రెండుసార్లు కబడ్డీ అన్నాడు. మూడోసారికి గాలి లేదు. ఈసారి ఆమె చెవి అక్కడే ఉంది, దొంగిలించడానికి లేదు. "డాక్టర్ సాబ్!" అని ఆమె పెట్టిన కేకకు వార్డంతా లేచి నిలబడింది.

తర్వాత అంతా ఉరుకులు పరుగులు. వ్యాను వచ్చింది. వాణ్ణి స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే వాడు నావైపు చూశాడు. ఆ చూపులో ఉన్న కోపం ఇప్పటికీ మరిచిపోలేను. పక్కన, నొక్కి గాలి ఊదే రబ్బరు సంచి పట్టుకుని అత్తయ్య ఎక్కింది. నాన్న ముందు డ్రైవరు పక్కన ఎక్కాడు, వాళ్ళ వెనక అమ్మ ఎక్కింది. అమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. తలుపు వేశారు. నేను గేటు దగ్గర, అన్నను చూడ్డానికొచ్చిన పక్కింటావిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అన్న సంగతి కంటే నాకప్పుడు అమ్మే కనబడింది. ఆగడం కూడా చెప్పడమే కదా! ఒట్టు తప్పినట్టే కదా! ఆ వ్యాను వెళ్ళిపోతుంటే అమ్మను చూడటం ఇదే ఆఖరనుకున్నాను. "అమ్మా, దిగు!" అని గొంతు చించుకుని అరిచాను. వ్యాను చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

పొద్దు వాలుతుండగా అత్తయ్య ఒక్కతే ఇంటికి వచ్చింది. కొప్పు ఊడిపోయి ఉంది, తెల్లచీర నలిగిపోయి ఉంది. నేను ఎదురెళ్ళి, "అమ్మ బతికే ఉందా?" అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. "మీ అమ్మకేమైందే? ఆడనే ఉంది, వాని కాడ. వాడు సుత ఉన్నడు. సగం దారిల, ట్యాంక్‌బండ్ మీద దమ్ము ఆగిపోయింది, సంచితోని ఊదుకుంట తీస్కపోయిన. ఇప్పుడు యంత్రం ఊదుతుంది" అంది. నేను వెక్కి వెక్కి ఏడుస్తూ ఒట్టు సంగతంతా చెప్పేశాను. ఇక దాచేదేముంది!

అత్తయ్య గడప మీదే కూలబడి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మందుల వాసన వేసే ఆ ఒడిలో ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. "ఒట్టుకు మీ అమ్మ పోదు. పాణం దీసే ఒట్టు ఒట్టే గాదు. ఎవడన్న అడిగితే నా కాడికి తోలు" అంది ముందు. తర్వాత ఊడిన కొప్పు ముడుచుకుంది. మళ్ళీ తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "గింతమంది దమ్ము జూసినదాన్ని, గా పోరడు నన్నెట్ల మోసం జేసిండు అనుకుంట వచ్చిన తొవ్వంత. వాడు జెయ్యలే బిడ్డా. వాడు మంచిగున్నడని ఇనాలని నాకే ఉండె. గందుకే గదే ఇన్న. వాడు మన ఇంటి పిలగాడు గాకపోతే దగ్గరికి పోయి మొకం జూద్దును." పెద్దవాళ్ళు పిల్లల ముందు అలాంటి మాట అంటారని నాకు తెలియదు. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

వాడు పెద్దాసుపత్రిలో నెలలు ఉన్నాడు. వాడు భయపడ్డట్టే గొంతుకు చిల్లు పెట్టి పైపు వేశారు. కరెంటు పోయి యంత్రం ఆగినప్పుడల్లా నాన్న, అమ్మ, అత్తయ్య వంతులవారీగా సంచి నొక్కేవాళ్ళు. పరీక్షల నాటకమన్న నాన్న, వేళ్ళు బొబ్బలెక్కినా ఆ సంచి ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఎక్కిన నిస్సత్తువ మెల్లగా దిగింది. ముందు ఛాతీ తేరుకుంది, తర్వాత చేతులు, అన్నిటికంటే ఆఖరున పాదాలు. పైపు తీసి చిల్లు మూశాక నన్ను తీసుకెళ్ళారు. వాడు నన్ను చూసి గొంతు సవరించుకుని, బొంగురుగా, "నడ్వమంటే ఆగుతవానే, చాడీలకోరు" అన్నాడు. ఒక్క గుక్కలో అన్నాడు, నడుమ ఎక్కడా దొంగిలించలేదు. నేను బావురుమన్నాను.

మా అన్న ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటాడు, మనవలున్నారు. కుడి పాదం కాస్త ఈడుస్తాడు, ఆ ఒక్క నరం మాత్రం తిరిగి రాలేదు. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ ఎనభై దాటేదాకా బతికింది. ఆమెకు జలుబు చేసినప్పుడల్లా నాకు ఆ ఒట్టే గుర్తొచ్చేది, ఆ సంగతి వేరు.

నాకు మిగిలింది అత్తయ్య గడప మీద కూర్చుని చెప్పిన ఆ మాట. మనవాళ్ళ నోట 'బాగున్నా' అని వినాలని మనకు ఎంత ఆశో! అందుకే మా ఇంట్లో ఎవరైనా ఫోనులో 'నాకేం లేదు, బాగున్నా' అంటే నేను అక్కడితో వదలను. బస్సెక్కి వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను. మాట పక్కన పెట్టి ముఖం చూస్తాను. నిరుడు మా చిన్నకూతురు బాలింతగా ఉన్నప్పుడు నవ్వుతూ బాగున్నానంది. వెళ్ళి పట్టిపట్టి అడిగితే వారం నుంచి నిద్రపోలేదని, పిల్లను చూస్తే భయమేస్తోందని ఏడ్చింది. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఊరికే అనుమానాలు, అందరినీ పరేషాన్ చేస్తావని పిల్లలు నన్ను తిడుతూనే ఉంటారు. తిట్టనీ. తిట్టాలన్నా దమ్ముండాలి కదా.